అక్క సాక్ష్యం

మా అమ్మ నన్ను కడుపులో ఉన్నప్పుడే దేవునికి ఇచ్చేసింది. ఈ ముక్క చిన్నప్పుడు ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. అక్క తర్వాత పుట్టిన ఇద్దరు మగపిల్లలు ఏడాది నిండకుండానే పోయారు. మళ్ళీ నేను కడుపున పడ్డప్పుడు అమ్మ ప్రొద్దుటూరు దాకా నడిచి వెళ్ళి, చర్చిలో మోకాళ్ళ మీద పడి, ఈ బిడ్డను నిలబెడితే నీ పనికే ఇస్తానని మాట ఇచ్చిందట. నేను నిలబడ్డాను. నిలబడి చేసిన ఘనకార్యం ఏమిటో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఇన్నేళ్ళు నోటితో చెప్పలేనిది కనీసం కాగితం మీదైనా పెట్టాలి కదా.

మాది దువ్వూరు పక్కన ఒక పల్లె. తాతల కాలంలో మిషను వాళ్ళ దగ్గర బాప్తిస్మం తీసుకున్న కూలి కుటుంబాల పేట మాది. మా పేటలో ఒక అలవాటుండేది. దేవునిదని ఒకసారి అనుకున్న వస్తువును ఇంట్లో వేరుగా పెట్టేసేవాళ్ళు. ఒక కోడిపెట్టను దేవునిదంటే దాని కాలికి గుడ్డపీలిక కడతారు. ఇక దాని గుడ్డు ఇంట్లో ఎవరూ ముట్టరు, ఆదివారం అది చర్చికి పోతుంది. జొన్నచేలో ఒక సాలు దేవునిదంటే, గింజలకు కటకటలాడే రోజుల్లో కూడా ఆ సాలు జోలికి పోరు. నేనూ ఆ కోడిపెట్ట లాంటివాణ్ణే. నన్ను తిట్టకూడదు, కొట్టకూడదు, కలుపుకు పంపకూడదు. అక్క పేడ ఎత్తేది, కాలువ నుంచి నీళ్ళు మోసేది, అమ్మతో కూలికి పోయేది. ఎప్పుడైనా విసుక్కుని నన్ను పని చెయ్యమంటే అమ్మ కసిరేది.

"వాడు దేవుని బిడ్డమ్మే. వాని చేత చాకిరీ చేయిస్తే మనకు పాపం తగుల్తాది."

నేను అరుగు మీద కూర్చుని, అవునవునని తలూపేవాణ్ణి. ఈ మాట విని ఎవరైనా 'చిన్నతనం కదండీ' అని ఓదార్చబోతే నాకు ఒళ్ళు మండుతుంది. చిన్నతనమే, కాదనను. కానీ నీడలో కూర్చోవడం ఎండలో వంగడం కంటే హాయిగా ఉంటుందని నాకు అప్పుడే బాగా తెలుసు. తెలిసే కూర్చున్నాను.

అక్క నాకంటే ఐదేళ్ళు పెద్ద. చదువులో నాకంటే చురుకు. ఐదో తరగతి కాగానే ఆమె బడి మానిపించారు. ఇద్దరిని చదివించే తాహతు లేదు, ఆ ఒక్కరు ఎవరో దేవుని దగ్గర ముందే తేలిపోయింది. నన్ను జమ్మలమడుగు బోర్డింగు బడిలో వేసినప్పుడు నా ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని బస్సు దాకా మోసింది అక్కే. నేను వెనక చేతులూపుకుంటూ నడిచాను.

ఆంధ్ర రాష్ట్రం వచ్చి, కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. నేను హైస్కూల్లో ఉన్నాను. క్రిస్మసు సెలవులకు ఇంటికొచ్చాను. ఆ కాలంలో శనక్కాయ చెట్లు పీకేసి, కాయలు కొట్టుకుని, ఆసామి చేను వదిలేశాక, మట్టిలో మిగిలిపోయిన కాయలు ఏరుకోవడానికి మా ఆడవాళ్ళను రానిచ్చేవాళ్ళు. దాన్నే పరిగె అంటారు. గట్టిపడ్డ నేలను కొడవలి మొనతో పెళ్ళగించి, పొద్దంతా ఏరితే ఒక ఒడి నిండేది. పండక్కి నూనె, బెల్లం ఆ ఒడిలోంచే రావాలి.

నేను వచ్చిన రెండో రోజు మధ్యాహ్నం అక్క నన్ను కాలువగట్టుకు తీసుకుపోయింది. గుడ్డలు ఉతుకుతూ ఉతుకుతూ ఆగింది.

"రేయ్ అబ్బీ, నీకొకటి చెప్తా. ఎవురికీ చెప్పొద్దు. నవ్వొద్దు."

"నవ్వను, చెప్పు."

"మొన్న పరిగెకు పోయింటి గదా. ఒడి నిండినాది. ఇంగ ఇంటికి పోదామని లేస్తి. లేస్తే ఎవురో పిల్సినట్లయింది. పేరు పెట్టి కాదు. మాట గూడా కాదు. నువ్వు నాకు కావల్ల అన్నట్ల. శానా సేపు అట్నే నిలబడింటి. ఇయ్యడానికి నాకాడ ఏముందని చూసుకుంటే ఒడిలో కాయలే ఉండాయి. అన్నీ ఆడ్నే పోసేస్తి. నా ఎనకొచ్చేవాండ్లు ఏరుకుంటార్లే అని. వట్టి ఒడితో ఇంటికొస్తే అమ్మ చీపురు తిరగేసింది."

చెంప మీద వాత చూపించి నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "నువ్వు సదువుకుంటాండావు. నువ్వు చెప్పు, ఇది పిలుపేనా?" అని అడిగింది.

నాకేం తెలుసు? అయినా బోర్డింగు బడి గొప్ప ఒకటి ఉంటుంది కదా. కావొచ్చులే అన్నాను, పెద్ద మనిషిలాగ. అక్క మొహం వెలిగిపోయింది. "నిన్ను ఎట్ల పిల్సినాడురా?" అంది ఆశగా. నన్ను అమ్మ ఇచ్చేసింది కదా, ఇంక పిలిచేదేముంది అన్నాను. ఆమె అవును నిజమే అని మళ్ళీ గుడ్డలు ఉతకడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత అక్కకు రెండు సంబంధాలు వచ్చాయి. వద్దంది. ఎందుకు వద్దో అమ్మకు చెప్పలేదు. బైబిలు స్త్రీగా పోవాలని, తెల్లచీర కట్టుకుని, వాక్యం చెబుతూ పల్లెల్లో ఇల్లిల్లూ తిరగాలని ఆమె కోరిక. పిలుపు సంగతి తెలిసినవాణ్ణి ఈ లోకంలో నేనొక్కణ్ణే.

నా చదువు అయ్యాక, పాదిరులను తయారుచేసే వేదాంత పాఠశాలకు పంపడానికి ముందు జమ్మలమడుగులో సంఘం పెద్దల ఎదుటికి రమ్మన్నారు. మాలో ఇదొక పరీక్ష. వాక్యాలు ఎన్ని వచ్చినా, పద్యంలాగా ఎంత బాగా అప్పజెప్పినా సరిపోదు. సాక్ష్యం చెప్పాలి. దేవుడు నిన్ను ఎక్కడ పిలిచాడు, ఎప్పుడు పిలిచాడు, అప్పుడు నువ్వేం చేశావు. చోటు, వేళ లేని సాక్ష్యాన్ని పెద్దలు ఒప్పుకునేవారు కాదు. నాకంటే ముందు వెళ్ళిన ఒకతను పాము కరిచినా బతికాడు. ఇంకొకతను బావిలో పడి తేలాడు. వాళ్ళ మొహాల్లో పరీక్ష భయమే లేదు. పాము గానీ బావి గానీ ఎరగని నేను వసారాలో చెమటలు కక్కుతూ కూర్చున్నాను.

లోపలికి పిలిచారు. తలపాగా చుట్టుకున్న ముసలి పెద్ద ఒకాయన మధ్యలో కూర్చున్నాడు. నేను అమ్మ మొక్కు సంగతి మొదలుపెట్టాను. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"అది మీ అమ్మ సాక్ష్యం నాయనా. నీదేంది?"

నాది ఏమీ లేదు. ఆ మాట అనేసి బయటికి వచ్చి ఉంటే నా జీవితం ఇంకొకలా ఉండేది, అక్కది కూడా. కానీ నా కళ్ళ ముందు అమ్మ కనిపించింది, నా తెల్లచొక్కా కనిపించింది, అరుగు మీద నీడ కనిపించింది. నోరు తెరిచాను. "పరిగెకు పోయి ఉన్నానయ్యా" అని వచ్చింది.

జన్మలో ఒక్కరోజు పరిగెకు పోనివాణ్ణి. కొడవలి మొన ఎట్లా పట్టుకుంటారో తెలియనివాణ్ణి. అయినా ఒడి నిండిందన్నాను, లేచానన్నాను, మాట కాని మాట వినిపించిందన్నాను. ఒడి అంటే మగవాడికి పంచె ఒడి అనుకున్నారు కాబోలు. కాయలు పోసేసిన చోటికి వచ్చేసరికి నాకు నిజంగానే ఏడుపు వచ్చింది. దొంగ ఏడుపు కాదు, అదే విచిత్రం. అంత మంచి సంగతి నాకు జరగలేదే అని ఏడ్చాను. వాళ్ళు వేరేలా అనుకున్నారు. తలపాగా పెద్దాయన కళ్ళు తుడుచుకుని, "స్తోత్రం" అన్నాడు.

పాఠశాలకు పంపే ముందు ప్రొద్దుటూరు చర్చిలో సమర్పణ ఆరాధన పెట్టారు. కొత్త తెల్లబట్టలు కట్టించి, అందరి ముందు మోకరింపజేసి, పెద్దలు తల మీద చేతులుంచుతారు. ఇకనుంచి ఈ మనిషి దేవుని పనికి వేరుపరచబడ్డాడని చాటుతారు. అంతవరకు నేను తేలిగ్గానే ఉన్నాను. జమ్మలమడుగులో నాలుగు గోడల మధ్య అన్నది అక్కడే ఉండిపోతుందనుకున్నాను. ఆ చర్చి పాదిరి అయ్యగారు లేచి, "శనక్కాయల చేలో ప్రభువు పిలిచిన ఈ బిడ్డ ఇప్పుడు తన సాక్ష్యం చెబుతాడు" అన్నాడు.

ఆడవాళ్ళ వైపు చాప మీద అమ్మ, పక్కన అక్క. శనక్కాయల చేను అనగానే అక్క తలెత్తింది. నేను చూశాను. చూసి కూడా ఆగలేదు. మొదటినుంచి చివరిదాకా చెప్పాను. చీపురు దెబ్బ కూడా నా చెంప మీదే వేసుకున్నాను. అమ్మకైనా అనుమానం రావాలి కదా, తను కొట్టింది ఎవర్నో! ఆమె కొడుకు గొప్పలో మునిగిపోయి ఉంది, చీపురు తిరగేసిన రోజులు ఆమెకు ఎన్నో. అక్క మాత్రం పైట నెత్తిమీదికి లాక్కుని, తల దించుకుని, చివర్లో అందరితో పాటు ఆమెన్ అంది.

ఆరాధన అయ్యాక పంక్తి భోజనాల్లో అక్క నా విస్తట్లో అన్నం వడ్డించింది. నేను తలెత్తలేదు. అక్క వంగి, మెల్లగా, "బాగ చెప్పినావు. నేనైతే అంత బాగ చెప్పలేను" అంది. ఎత్తిపొడుపేమోనని మొహం చూశాను. కాదు. మనస్ఫూర్తిగానే అంది. ఎత్తిపొడిచి ఉంటే బాగుండేది. నాలుగు పీకి ఉంటే ఇంకా బాగుండేది. ఆ అన్నం ఎట్లా దిగిందో తెలియదు గానీ, దిగింది. రెండోసారి కూడా పెట్టించుకున్నాను.

రెండేళ్ళకు బైబిలు స్త్రీల శిక్షణకు ఆడపిల్లల్ని తీసుకుంటున్నారని తెలిసింది. ప్రొద్దుటూరు అయ్యగారు అక్క పేరు రాసి పంపాడు. ఆమెలో భక్తి ఆయనకు ముందే కనబడింది. నేను సెలవుల్లో ఉన్నాను కాబట్టి జమ్మలమడుగుకు తోడుగా వెళ్ళాను. అదే గది, అదే పెద్దలు. నన్ను చూసి సంతోషించి, కుర్చీ వేయించారు. సగం అయ్యగారిని కదా. నేను కుర్చీలో కూర్చున్నాను. అక్క నిలబడి ఉంది.

చదవడం వచ్చా అని అడిగారు. చదివి వినిపించింది. పాట పాడమన్నారు. పాడింది. అందరికీ నచ్చింది. అప్పుడు తలపాగా పెద్దాయన, "ఇంక నీ పిలుపు సంగతి చెప్పమ్మా" అన్నాడు.

అక్క నా వైపు చూసింది. కోపంగా కాదు. చెప్పమంటావా అని అడిగింది, అంతే. ఆ చూపు నాకు అర్థమైంది. ఒక్కసారి తలూపితే చాలు. లేచి నిలబడి, అయ్యా, అప్పుడు నేను చెప్పింది ఈమెది అంటే చాలు. నేను కిటికీ వైపు తిరిగాను. బయట ఏముందో ఇప్పుడు గుర్తు లేదు, అప్పుడు కూడా ఏమీ కనబడలేదు.

"ఏమీ లేదయ్యా" అంది అక్క. "పని చేయాలనుంది. అంతే."

"ఎప్పట్నుంచి తల్లీ?"

"శానా దినాల్నుంచి."

"ఏదో ఒకటి జరిగుండల్ల గదా. తమ్మునితో అంత స్పష్టంగా మాట్లాడిన దేవుడు నీతో ఏమీ అనలేదా?"

"లేదయ్యా. ఏమీ అనలేదు" అంది అక్క.

వాళ్ళు మంచివాళ్ళే. మెత్తగానే చెప్పి పంపించారు, ఇంకా ప్రార్థన చెయ్యమ్మా, వేళ వచ్చినప్పుడు రా అని. ఒక ఇంటికి ఒకరు చాల్లే అని వాళ్ళలో ఒకాయన నవ్వాడు కూడా. నేనూ నవ్వాను. దేవుడు తనతో ఏమీ అనలేదని మా అక్క చేత, ఆ మనిషి చేత, నోరారా చెప్పించినవాణ్ణి నేను.

ఎండాకాలం. పెన్నలో నీళ్ళు లేవు. బస్సు కోసం ఇసకలో అడ్డంపడి నడుస్తున్నాం. చివరికి నేనే, "ఎందుకు చెప్పలేదక్కా?" అన్నాను. ఇంత సిగ్గుమాలిన ప్రశ్న నేను ఇంకెప్పుడూ ఎవరినీ అడగలేదు.

"చెప్తే నిన్ను తీసేయరా?" అంది నడుస్తూనే. "నిన్ను తీసేస్తే అమ్మ దేవునికిచ్చిన మాట ఏమైతాది? తెలిసిందంటే ఆయమ్మ బతికుండంగానే చచ్చిపోతాది. పోనీలేరా. పని యాడైనా చేయొచ్చు."

నాకు గుండెల మీంచి బండ దిగినట్టయింది. దాచడమెందుకు, అదే నిజం. ప్రొద్దుటూరు బస్టాండులో అక్క నాకు మిరపకాయ బజ్జీలు కొనిపెట్టింది. తిన్నాను.

తర్వాత నన్ను పులివెందుల పంపించారు. అప్పటికి ఆంధ్రప్రదేశ్ అయి కొన్నేళ్ళయింది. నా భార్య బళ్ళో పంతులమ్మ. ఇల్లు, పిల్లలు, వంట, దూరపు బావి నుంచి నీళ్ళు, అన్నీ అక్క చేతిలో పెట్టాం. పెళ్ళి చేసుకోని అక్క తమ్ముడింట్లో ఉండటం అందరికీ సహజంగానే తోచింది, నాకు మరీ సహజంగా తోచింది. సంఘంలో ఆమెకు పేరు లేదు. అయ్యగారి అక్క, అంతే. అయితే ఆడవాళ్ళు కష్టమొస్తే నా గడపకు కాదు, వంటింటి గుమ్మానికి వచ్చేవాళ్ళు. బిడ్డకు జ్వరమని, మొగుడు కొట్టాడని ఆమెతోనే చెప్పుకుని ఏడ్చేవాళ్ళు. ఆమె పొయ్యి దగ్గరే వాళ్ళ తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసేది. అవతలి గదిలో నేను ప్రసంగం రాసుకునేవాణ్ణి.

ఏటా కోతపండగకు నా సాక్ష్యం చెప్పమని సంఘం అడిగేది. శనక్కాయలు పండే ఊరు, వాళ్ళకు అది బాగా పట్టింది. చెప్పగా చెప్పగా అది పెరిగింది. మొదటి ఏడు ఒక చల్లగాలి వచ్చి చేరింది. మూడో ఏటికి చేలో ఒక వెలుగు కూడా పడింది. అక్క ప్రతి ఏడూ చివరి వరసలో, నా చిన్నవాణ్ణి ఒళ్ళో పెట్టుకుని వినేది. ఇంటికొచ్చాక ఒక్కనాడూ దాని ఊసెత్తలేదు.

అమ్మ పోయింది. దువ్వూరు వెళ్ళి మట్టి చేసి వచ్చాం. వారం తిరక్కుండా కోతపండగ. ముందురోజు పొద్దున అక్క చేటలో బియ్యం వేసుకుని రాళ్ళు ఏరుతోంది. అమ్మ పోయిన దుఃఖంలో నాకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది. ఎదురుగా కూర్చున్నాను.

"అక్కా, అమ్మ లేదు. ఇంక భయపడే పని లేదు. రేపు చర్చిలో చెప్పేస్తా, అది నాది కాదు, నీదని."

"ఏంది నాది?"

"శనక్కాయల చేను."

అక్క చేట కింద పెట్టింది. నన్ను కాదు, నా వెనక గోడను చూసింది. కళ్ళు మూసుకుంది. ఏడుస్తుందేమో, ఇన్నేళ్ళకు తిడుతుందేమో అనుకున్నాను. కళ్ళు తెరిచినప్పుడు ఆ మొహంలో ఏడుపు లేదు. ఇంట్లో ఏదో వస్తువు పెట్టిన చోట కనబడక వెతుక్కునే మనిషిలా ఉంది.

"కనపడ్లేదురా" అంది. "చేను కనపడ్తాది. ఒడిలో కాయలు కనపడ్తాయి. కాయలు పోస్తాండేది నువ్వు. వెలుగు గూడా ఉండాది. నేను యాడా లేను. ఇన్నేండ్లు నీ నోట విని విని, అది నాకే జరిగిందని నువ్వంటే నమ్మల్లే గానీ, నాకు తెలీకుండా పోయిందిరా. ఇంగ ఎందుకులే అబ్బీ. నీకాడ్నే ఉండనీ."

మళ్ళీ చేట ఒళ్ళోకి తీసుకుంది.

ఆ మాట వినగానే నాకు మొదట కలిగింది బాధ కాదు. ఊరట. బాధ తర్వాత వచ్చింది, వచ్చి ఇంతవరకూ పోలేదు, కానీ మొదట ఊరటే. ఒప్పుకోవలసిన అవసరం తప్పిందని నా ప్రాణం లేచి వచ్చింది. మర్నాడు నేను తెల్ల అంగీ తొడుక్కుని, పీఠం ఎక్కి, పరిగెకు పోయిన సంగతి మళ్ళీ చెప్పాను. మా అక్క చివరి వరసలో కూర్చుని, అదే మొదటిసారి వింటున్న మనిషిలాగా, నోరు కొంచెం తెరిచి, చివరిదాకా విన్నది.